పాశ్చాత్య సాహిత్య కానన్: ఏ పుస్తకం ఉండాలి, ఏది పోవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఊళ్లో ఒక లైబ్రరీ మేడమీద గదిలో, రెండు వారాలకోసారి ఆదివారం పూట పదిహేను మందిమి కూర్చుని పుస్తకాలు చదువుకుంటాం. ఎం.ఏ. ఇంగ్లిష్ పిల్లలు, రిటైరైన టీచర్లు, ఒక బ్యాంకు ఉద్యోగి, పోటీ పరీక్షల పుస్తకాల మధ్య నవలలు దాచుకుని చదివే ఇద్దరు కుర్రాళ్లు. కొత్తవాళ్లు చేరిన ప్రతిసారీ అవే సందేహాలు వస్తాయి. ఇన్నేళ్లు నోటితో చెప్పిన జవాబుల్ని సరిచూసుకుని ఇక్కడ రాసిపెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. ఏ జవాబుకి ఆ జవాబే పూర్తిగా ఉంటుంది.

## మొదట వచ్చే సందేహాలు

కానన్ అంటే ఏమిటి? ఫిరంగి కానన్‌కీ దీనికీ సంబంధం ఉందా?

గ్రీకులో ‘కానోన్’ అంటే వంకర లేని కర్ర, కొలబద్ద. చెక్క తిన్నగా ఉందో లేదో చూసుకోవడానికి వడ్రంగి పెట్టుకునే బద్ద లాంటిది. ఆ కొలతకి నిలిచిన పుస్తకాలే కానన్. మొదట ఈ మాటను బైబిల్ విషయంలో వాడారు. ఏ భాగాలు పవిత్ర గ్రంథంలో చేరతాయి, ఏవి చేరవు అని తేల్చిన జాబితా అది. సాహిత్యం దగ్గరికి వచ్చింది చాలా ఆలస్యంగా. 1768లో డేవిడ్ రూంకెన్ అనే పండితుడు పాత గ్రీకు రచయితల జాబితాల గురించి రాస్తూ ఈ మాట వాడాడు. ఇవాళ పాశ్చాత్య కానన్ అంటే హోమర్ నుంచి ఇరవయ్యో శతాబ్దం దాకా, ‘చదువుకున్నవాళ్లు ఇవి చదివి ఉండాలి’ అని తరతరాలుగా అనుకుంటూ వచ్చిన పుస్తకాలు.

ఫిరంగితో చుట్టరికం ఉంది, కాకపోతే దూరపు చుట్టరికం. రెండు మాటలూ రెల్లు అనే అర్థమున్న పాత పదం నుంచి వచ్చాయంటారు. కొలవడానికి పనికొచ్చిన రెల్లు కొలబద్ద అయింది, గొట్టంలా ఉన్న రెల్లు ఫిరంగి అయింది.

ఈ లిస్టు అధికారికంగా ఎవరు ఇచ్చారు? ఎక్కడ దొరుకుతుంది?

ఎవరూ ఇవ్వలేదు. ప్రచురణ సంస్థలు వేసిన సెట్లు ఉన్నాయి, యూనివర్సిటీల సిలబస్‌లు ఉన్నాయి, విమర్శకులు పుస్తకాల చివర వేసిన పట్టికలు ఉన్నాయి. వీటన్నిటిలోనూ కనిపించే పేర్లు కొన్ని ఉంటాయి: హోమర్, సోఫోక్లీజ్, వర్జిల్, డాంటే, సెర్వాంటెస్, షేక్‌స్పియర్, టాల్‌స్టాయ్. వీళ్ల గురించి పెద్దగా వాదన ఉండదు. గొడవంతా అంచుల దగ్గరే, అంటే ఎవరు లోపలికి రావాలి, ఎవరు మెల్లగా జారిపోతున్నారు అన్న చోటే.

‘పాశ్చాత్య’ అంటే ఏ దేశాలు? రష్యా, లాటిన్ అమెరికా కూడా వస్తాయా?

పటం మీద గీత గీసి చెప్పలేం. హోమర్ కావ్యాల భాష చాలావరకు అయోనియా ప్రాంతపు గ్రీకు. ఆ తీరం ఇవాళ టర్కీలో ఉంది. అగస్టీన్ పుట్టిన ఊరు ఇప్పుడు అల్జీరియాలో ఉంది. బైబిల్ పశ్చిమాసియాలో పుట్టింది. మధ్యయుగపు ఐరోపా అరిస్టాటిల్‌ని మళ్లీ చదువుకున్నది చాలావరకు అరబ్బీ పండితుల వ్యాఖ్యానాల సాయంతో. రష్యన్లని అందరూ కలుపుకుంటారు. అర్జెంటీనా బోర్హెస్‌నీ చిలీ నెరూడానీ కూడా చాలామంది చేరుస్తారు. ఒక రచయిత తనకంటే ముందువాళ్లని చదివి వాళ్లకి జవాబుగా రాస్తాడు, తర్వాతివాడు వీడిని చదివి ఇంకో జవాబు రాస్తాడు. ఆ వరసలో ఎవరున్నారో చూడాలి గానీ పాస్‌పోర్టు చూసి లాభం లేదు.

నోబెల్ వచ్చిన పుస్తకాలన్నీ కానన్‌లో ఉంటాయా?

ఉండవు. 1901లో మొదటి సాహిత్య నోబెల్ ఫ్రెంచ్ కవి సల్లీ ప్రూడోమ్‌కి ఇచ్చారు. అప్పటికి టాల్‌స్టాయ్ బతికే ఉన్నాడు, 1910 దాకా ఉన్నాడు, ఆయనకి రాలేదు. జాయిస్, ప్రూస్ట్, కాఫ్కా, వర్జీనియా ఉల్ఫ్, బోర్హెస్ ఎవరికీ రాలేదు. బహుమతి ఆ ఏటి కమిటీ ఇచ్చే తీర్పు. కానన్ తేలడానికి రెండు మూడు తరాలు పడుతుంది.

## లిస్టులు ఎలా పుట్టాయి

అన్నిటికంటే పాత లిస్టు ఏది? దాన్లో ఉంటే పుస్తకం బతికిపోయినట్టేనా?

ఈజిప్టులోని అలెగ్జాండ్రియా గ్రంథాలయ పండితులు, క్రీస్తుకి పూర్వమే, గ్రీకు రచయితల్ని రకాలవారీగా ఎంచి పట్టికలు వేశారు. గీతాలు రాసిన కవుల్లో తొమ్మండుగురిని ఎంచారు. ఆ తొమ్మిదిలో స్త్రీ ఒక్కతే, శాఫో. లిస్టులో చోటు దొరికినా ఆమె కవిత్వం నిలవలేదు. పూర్తిగా మిగిలిన పద్యం ఒకటే, మిగతావి ముక్కలు.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది యూరిపిడిస్ కథ. ఆయన సుమారు తొంభై నాటకాలు రాశాడు. మనకి దక్కినవి ఆయన పేరున ఉన్నవన్నీ కలిపి పంతొమ్మిది. వాటిలో పది, బడుల్లో చదువు చెప్పడానికి ఎంచుకున్న నాటకాలు, అందుకే మళ్లీ మళ్లీ రాసుకున్నారు. మిగతా తొమ్మిదీ ఎలా దక్కాయి? ఎవరో ఆయన నాటకాలన్నిటినీ అక్షరక్రమంలో రాయించి పెట్టుకున్నారు. అందులో గ్రీకు అక్షరమాల మధ్యలోని కొన్ని అక్షరాల భాగం మాత్రం కాలానికి తట్టుకుంది. ఎలక్ట్రా, హెలెన్, అయాన్ అలా దక్కినవే. కాబట్టి మహాగ్రంథాలు వాటి గొప్పతనం వల్లే మిగులుతాయి అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. సోఫోక్లీజ్ నూట ఇరవైకి పైగా నాటకాలు రాస్తే ఏడు మిగిలాయి. పోయినవాటిలో ఎంత గొప్పవి ఉన్నాయో చెప్పగలిగినవాళ్లు లేరు.

ఐదడుగుల అల్మరా అని విన్నాను, ఏమిటది?

హార్వర్డ్ యూనివర్సిటీకి నలభై ఏళ్లు అధ్యక్షుడిగా పనిచేసిన చార్లెస్ ఎలియట్, ఐదడుగుల అరలో పట్టేన్ని పుస్తకాలు ఎంచుకుని రోజూ పావుగంట చదివితే కాలేజీ చదువుకి సాటి వస్తుందని సభల్లో చెప్పేవాడు. కాలియర్ అనే ప్రచురణ సంస్థ ఆ మాట పట్టుకుని ఆయన చేతే ఎంపిక చేయించి, 1909–10లో హార్వర్డ్ క్లాసిక్స్ పేరుతో 51 సంపుటాలు తెచ్చింది. మనవాళ్లకి ఆసక్తిగా ఉండే విషయం ఒకటుంది. మత గ్రంథాల సంపుటాల్లో భగవద్గీత కూడా ఉంది, ఎడ్విన్ ఆర్నాల్డ్ ఇంగ్లిష్ పద్యానువాదంలో.

చికాగో వాళ్ల ‘గ్రేట్ బుక్స్’ సెట్టులో ఒక్క స్త్రీ కూడా లేదట, నిజమా?

నిజమే. చికాగో యూనివర్సిటీకి అధిపతిగా పనిచేసిన రాబర్ట్ హచిన్స్, ఆయన మిత్రుడు మార్టిమర్ ఆడ్లర్ కలిసి 1952లో బ్రిటానికా ద్వారా 54 సంపుటాలు తెచ్చారు. 443 రచనలు, 74 మంది రచయితలు, అందరూ మగవాళ్లే. జేన్ ఆస్టెన్‌కీ చోటు లేదు. అందులో గణితం, వైద్యం, భౌతికశాస్త్రం కూడా ఉన్నాయి. టాలమీ, గెలీలియో, న్యూటన్ ఉన్నారు. అమ్మకాలు ఇంటింటికీ తిరిగి వాయిదాల మీద సాగాయి.

1990లో 60 సంపుటాలుగా మళ్లీ వేసినప్పుడు ఆస్టెన్, జార్జ్ ఇలియట్ (మగపేరు పెట్టుకుని రాసిన స్త్రీ), విల్లా కేథర్, వర్జీనియా ఉల్ఫ్ వచ్చారు. నల్లజాతి రచయిత మాత్రం ఒక్కరూ రాలేదు. అప్పటికి నల్లజాతి రచయిత డుబాయిస్ ‘ద సోల్స్ ఆఫ్ బ్లాక్ ఫోక్’ వచ్చి 87 ఏళ్లు. దీని మీద ఆడ్లర్‌ని గట్టిగా నిలదీశారు. మామూలు ఉద్యోగస్తుల ఇళ్లలోకి ప్లేటోని తీసుకెళ్లాలన్న ఆ ఇద్దరి తపన మీద నాకు గౌరవం ఉంది. డుబాయిస్‌ని వదిలేయడం మాత్రం తప్పే.

## గొడవ ఎక్కడ రాజుకుంది

స్టాన్‌ఫర్డ్‌లో షేక్‌స్పియర్‌ని తీసేశారంటారు, అసలేం జరిగింది?

తీసేయలేదు. స్టాన్‌ఫర్డ్‌లో 1980 నుంచి మొదటి ఏడాది పిల్లలందరికీ ‘వెస్టర్న్ కల్చర్’ అని ఒక తప్పనిసరి కోర్సు ఉండేది. దానికి 15 రచనల ఉమ్మడి జాబితా ఉండేది. స్త్రీలు, నల్లజాతివాళ్లు, మిగతా సంస్కృతులు ఏవీ లేవని విద్యార్థులు అడగడం మొదలుపెట్టారు. 1987 జనవరిలో నల్లజాతి నాయకుడు జెస్సీ జాక్సన్‌తో కలిసి ఊరేగింపు చేశారు. అప్పుడు ఇచ్చిన ‘వెస్టర్న్ కల్చర్ పోవాలి’ అన్న నినాదం పత్రికలకి ఎక్కి, ఒక నాగరికత మొత్తాన్ని వద్దంటున్నారన్న అర్థంలో దేశమంతా పాకింది. పిల్లలు వద్దన్నది ఆ పేరున్న కోర్సుని. 1988 మార్చి 31న అధ్యాపకుల సెనేట్ 39–4 ఓట్లతో ఆ కోర్సుని మార్చి, సంస్కృతులు, భావాలు, విలువలు అన్న పేరుతో కొత్త కోర్సు పెట్టింది. అందులోనూ బైబిల్, గ్రీకు తత్వం ఉన్నాయి. వాటి పక్కన కొత్తవాళ్లకి చోటు వచ్చింది. అప్పటి అమెరికా విద్యామంత్రి విలియం బెనెట్ స్వయంగా అక్కడికి వెళ్లి ఈ మార్పుని తప్పుపట్టాడంటే సెగ ఎంత దూరం వెళ్లిందో చూడండి.

‘చచ్చిపోయిన తెల్ల మగవాళ్ల లిస్టు’ అన్న విమర్శలో నిజం ఎంత?

చాలానే ఉంది. దాన్ని అన్నిటికంటే బాగా చెప్పింది వర్జీనియా ఉల్ఫ్, 1929లో. షేక్‌స్పియర్‌కి అంతే ప్రతిభ ఉన్న చెల్లెలు ఉంటే ఏమయ్యేదో ఊహించి రాసింది. బడికి పంపరు, పెళ్లి కుదురుస్తారు, ఇంట్లోంచి పారిపోయి నాటకశాల తలుపు తడితే నవ్వుతారు, చివరికి ఒక్క పంక్తి రాయకుండానే చచ్చిపోతుంది. అంటే లిస్టు వేసేవాడి పక్షపాతం ఒక్కటే కారణం కాదు. కాగితం, తీరిక, గది, చదువు ఎవరి చేతిలో ఉన్నాయన్నది ముందు ప్రశ్న.

న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీ బట్లర్ లైబ్రరీ ముందువైపు, స్తంభాల మీద రాతిలో చెక్కిన పేర్లున్నాయి: హోమర్, హెరొడోటస్, సోఫోక్లీజ్, ప్లేటో, అరిస్టాటిల్, డెమోస్తనీజ్, సిసిరో, వర్జిల్. 1989లో విద్యార్థినులు ఆ పేర్లకి పైన శాఫో, డికిన్సన్, ఉల్ఫ్ లాంటి స్త్రీల పేర్లు రాసిన పొడుగాటి బట్ట కట్టారు. 2019లో అలాంటి బట్టే మళ్లీ ఎగిరింది. ఈసారి టోనీ మోరిసన్, జోరా నీల్ హర్‌స్టన్, మాయా ఆంజెలూ పేర్లతో పాటు మన పక్క తమిళనాడు నుంచి, తన ఆత్మకథ రాసిన హిజ్రా రచయిత్రి ఎ. రేవతి పేరు కూడా ఉంది. రాతి పేర్లని ఎవరూ చెరపలేదు. వాటి పైన కొత్త పేర్లు కట్టారు, అంతే. ఆ ఫొటో నేను మా గదిలో గోడకి అంటించాను.

హెరాల్డ్ బ్లూమ్ ‘ద వెస్టర్న్ కానన్’ ఏం చెబుతుంది? అది చదవాలా?

1994లో వచ్చింది. 26 మంది రచయితల మీద వ్యాసాలు. షేక్‌స్పియర్ మధ్యలో ఉంటాడు, మిగతావాళ్లంతా ఆయన చుట్టూ. స్త్రీలు నలుగురు: ఆస్టెన్, డికిన్సన్, జార్జ్ ఇలియట్, ఉల్ఫ్. పుస్తకాన్ని రాజకీయ న్యాయం కోసం చదవకూడదని, రచనలోని కొత్తదనం, బలం కోసమే చదవాలని ఆయన పట్టు. స్త్రీవాద, మార్క్సిస్టు తదితర విమర్శకులందరినీ కలిపి ఆక్రోశంతో మాట్లాడే బడి అని పేరు పెట్టాడు. అది అన్యాయమే అనిపిస్తుంది నాకు. అయినా డికిన్సన్ మీద, టాల్‌స్టాయ్ ‘హాజీ మురాద్’ మీద ఆయన వ్యాసాలు చదివి చూడండి. పుస్తకాన్ని అంత ప్రేమగా పట్టుకుని మాట్లాడేవాళ్లు తక్కువ. చివర్లో వందల పేర్ల పట్టిక ఉంది. అందులో మహాభారతం, రామాయణం, గీత కూడా ఉన్నాయి. ఆ పట్టిక ప్రచురణకర్తల పట్టుదల వల్ల వేసిందని బ్లూమ్ తర్వాత చెప్పాడు. జనం వ్యాసాలు వదిలేసి ఆ పట్టిక మీదే కొట్టుకున్నారు.

సిలబస్ వేరు, కానన్ వేరు అంటారు. తేడా ఏమిటి?

సిలబస్‌కి వారాలు ఉంటాయి, కానన్‌కి ఉండవు. జాన్ గిలరీ అనే విమర్శకుడు 1993లో ఇదే వాదించాడు. మనం కానన్ అని పోట్లాడుకునేదంతా నిజానికి క్లాసులో చెప్పే జాబితా గురించేనని, బడి ఎవరికి అందుతోంది, ఎవరికి అందడం లేదు అన్న ప్రశ్న దాని వెనక ఉందని. ఒక సెమిస్టర్‌లో మిల్టన్ లేడంటే మిల్టన్ చచ్చిపోయినట్టు కాదు. ఆ సెమిస్టర్‌లో చోటు చాలలేదు.

## ఏ పుస్తకం లోపలికి, ఏది బయటికి

‘మోబీ డిక్’ మొదట ఫ్లాప్ అయిందా? మరి ఎలా పైకొచ్చింది?

1851లో వచ్చింది. ముందు లండన్‌లో వేసిన ప్రతిలో చివరి చిన్న అధ్యాయం పడలేదు. కథ చెప్పేవాడు ఎలా బతికి బయటపడ్డాడో చెప్పేది ఆ అధ్యాయమే. ఓడ మునిగి అందరూ పోతే ఈ కథ ఎవరు చెబుతున్నారని అక్కడి సమీక్షకులు తప్పుపట్టారు. పుస్తకం అమ్ముడుపోలేదు. మెల్విల్ న్యూయార్క్ రేవులో కస్టమ్స్ ఉద్యోగం 19 ఏళ్లు చేసి, 1891లో దాదాపు మరుగునపడ్డ మనిషిగా పోయాడు. 1919లో శతజయంతి వచ్చాక కొందరు మళ్లీ తీసి చదివారు. 1921లో జీవితచరిత్ర వచ్చింది. ఆయన వదిలిపోయిన రాతప్రతుల్లోంచి ‘బిల్లీ బడ్’ 1924లో అచ్చయింది. మూడు దశాబ్దాలు పెట్టెలో ఉన్న కాగితాలవి.

జోరా నీల్ హర్‌స్టన్ పేరు ఎక్కడ చూసినా ఉంటోంది. ఇంతకుముందు ఎందుకు వినలేదు?

ఎందుకంటే ఆమె పుస్తకాలు చాలాకాలం దొరకలేదు. 1937లో ‘దెయిర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్’ రాసింది. ఫ్లోరిడా నల్లజాతివాళ్ల మాటతీరుని ఉన్నదున్నట్టు పట్టుకున్న నవల. అప్పట్లో దాన్ని తీసిపారేసినవాళ్లలో నల్లజాతి రచయిత రిచర్డ్ రైట్ కూడా ఉన్నాడు. అందులో చెప్పుకోదగ్గ విషయం లేదన్నాడు. కాబట్టి తెల్ల విమర్శకుల మీదే నెపం పెట్టేస్తే లెక్క సరిపోదు. ఆమె 1960లో ఫ్లోరిడా ఫోర్ట్ పియర్స్‌లో, బీదలకి కౌంటీ నడిపే ఆశ్రయంలో పోయింది. ఖననానికి ఊళ్లోవాళ్లు చందాలు వేసుకున్నారు. సమాధికి రాయి లేదు. ఆమె కాగితాలు తగలబెడుతుంటే దారిన పోతున్న ఒక పోలీసు అధికారి ఆపి మంట ఆర్పాడు.

1973లో నల్లజాతి రచయిత్రి ఏలిస్ వాకర్ ఆ ఊరు వెళ్లింది. హర్‌స్టన్ మేనకోడలినని చెప్పుకుని దారి అడిగింది. శ్మశానంలో నడుము దాకా కలుపు. పాములుంటాయేమోనన్న భయంతోనే లోపలికి నడిచి, సమాధి దొరక్క ‘జోరా!’ అని గట్టిగా పిలిచింది. కాసేపటికి కాలు ఒక పల్లంలోకి దిగబడింది. అదే చోటని నిర్ణయించుకుని, దక్షిణాది మేధావి అన్న మాట చెక్కించి రాయి పెట్టించింది. రాయి మీద పుట్టిన ఏడు 1901 అని ఉంది. అసలు పుట్టింది 1891లో. హర్‌స్టన్ తన వయసు తక్కువ చేసి చెప్పుకునేది, అప్పటికి ఎవరికీ తెలియదు. 1975లో వాకర్ ఈ వెతుకులాట గురించి పత్రికలో రాసింది, 1978లో ఇలినాయ్ యూనివర్సిటీ ప్రెస్ నవలని మళ్లీ వేసింది, అక్కణ్ణించి క్లాసుల్లోకి వచ్చింది. పుస్తకం 1937లో ఎంత గొప్పదో 1970లోనూ అంతే గొప్పది. మధ్యలో దాన్ని భుజానికెత్తుకునే మనిషి లేకపోయింది.

‘హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్’ జాత్యహంకార పుస్తకమైతే తీసేయాలి కదా?

ఆ ఆరోపణ చేసింది నైజీరియా రచయిత చినువా అచెబె, 1975లో మసాచుసెట్స్ యూనివర్సిటీలో ఇచ్చిన ఉపన్యాసంలో. ఆ నవల రాసిన కాన్రాడ్ ఆఫ్రికాని ఒక ఐరోపావాడి మనసు చెడిపోవడానికి వెనక తెరలా వాడుకున్నాడని, అక్కడి మనుషులకి చేతులూ కాళ్లూ కళ్లూ ఇచ్చాడు గానీ మాట ఇవ్వలేదని ఆయన చూపించాడు. నవల తెరిచి చూస్తే ఆ మాట కాదనలేం.

నా అభిప్రాయం: తీసేయొద్దు, ఒంటరిగా చెప్పొద్దు. పక్కనే అచెబె వ్యాసం, ఆయన 1958 నవల ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ పెట్టాలి. ఆ నవల పేరు ఐరిష్ కవి యేట్స్ పద్యంలోంచి తీసుకున్నదే. కానన్‌ని అంత గట్టిగా నిలదీసిన మనిషి దాన్ని అంత బాగా చదువుకున్నాడు. పాలస్తీనాలో పుట్టిన విమర్శకుడు ఎడ్వర్డ్ సయీద్ కూడా అంతే. ఆస్టెన్ ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’లో ఆ ఇంటి సంపద ఆంటిగ్వా చెరకు తోటల నుంచి వస్తోందని 1993లో ఎత్తి చూపాడు, ఆస్టెన్‌ని చదవడం మాత్రం మానమనలేదు.

డికెన్స్‌ని కూడా ఒకప్పుడు లిస్టులోంచి తీసేశారా?

ఇంగ్లిష్ విమర్శకుడు ఎఫ్.ఆర్. లీవిస్ 1948లో రాసిన పుస్తకంలో ఇంగ్లిష్ నవలలో గొప్పవాళ్లు ఆస్టెన్, జార్జ్ ఇలియట్, హెన్రీ జేమ్స్, కాన్రాడ్ అని తేల్చి, డికెన్స్‌ది ‘హార్డ్ టైమ్స్’ ఒక్కటి ఒప్పుకున్నాడు. 1970లో భార్యతో కలిసి డికెన్స్ మీదే పెద్ద పుస్తకం రాశాడు, పూర్తి మెచ్చుకోలుతో.

కొత్తవాళ్లు రావాలంటే పాతవాళ్లు పోవాల్సిందేనా?

సిలబస్‌లో అయితే పోవాల్సిందే, దాచిపెట్టి లాభం లేదు. కొలంబియాలో 1937 నుంచి నడుస్తున్న సాహిత్య కోర్సులోకి మొదటి స్త్రీ, జేన్ ఆస్టెన్, 1985లో వచ్చింది. టోనీ మోరిసన్ 2015లో వచ్చింది. ఏడాదిలో ఉండే వారాలు మాత్రం పెరగలేదు. ఒక పుస్తకం వచ్చిన ప్రతిసారీ ఇంకోటి పోయింది, లేదా సగానికి తగ్గింది. పోయినవన్నీ చెడ్డవని కాదు. గోల్డ్‌స్మిత్ ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ని చూడండి. 1766 నవల, ఒకప్పుడు ఇంగ్లిష్ ఇళ్లలో అందరూ చదివేవారు, ఇవాళ పెద్ద లిస్టుల్లో అరుదు. కందుకూరి వీరేశలింగంగారి ‘రాజశేఖర చరిత్రము’ వెనక ఉన్నది ఆ నవలే. అక్కడ వాడిపోయిన కొమ్మ ఇక్కడ తెలుగు నవలకి అంటు కట్టింది.

## మనకీ ఈ గొడవకీ సంబంధం

ఇంగ్లిష్ సాహిత్యం మన కాలేజీల్లోకి ఎలా వచ్చింది?

1835 ఫిబ్రవరి 2న మెకాలే రాసిన నివేదిక అందరికీ తెలుసు. మంచి ఐరోపా గ్రంథాలయంలో ఒక్క అర, భారత, అరబ్బీ సాహిత్యాల మొత్తానికి సమానమన్నాడు. తనకి సంస్కృతం, అరబ్బీ రావని అదే కాగితంలో ఒప్పుకున్నాడు. గౌరీ విశ్వనాథన్ 1989లో ‘మాస్క్స్ ఆఫ్ కాంక్వెస్ట్’లో చూపించినదాని ప్రకారం ఇంగ్లిష్ సాహిత్యం ఒక సబ్జెక్టుగా ఇంగ్లండ్‌లో కంటే ముందే ఇండియాలో స్థిరపడింది. ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లిష్‌కి డిగ్రీ పాఠ్యక్రమం వచ్చింది 1894లో. పాలితులకి మంచి నడత నేర్పే సాధనంగా ఆ పుస్తకాలని వాడారు. ఏలూరులోనో వరంగల్‌లోనో ఎం.ఏ. పిల్ల వర్డ్స్‌వర్త్ డాఫొడిల్స్ మీద పది మార్కుల జవాబు రాస్తోందంటే ఆ చరిత్ర ఇంకా నడుస్తున్నట్టే.

మరి ఇవి మన పుస్తకాలు కావు కదా, మనకెందుకు?

జులూల టాల్‌స్టాయ్ ఎవరు అని అమెరికన్ నవలాకారుడు సాల్ బెల్లో అన్నాడని 1988లో పెద్ద దుమారం రేగింది. దానికి రాల్ఫ్ విలీ అనే నల్లజాతి పాత్రికేయుడు ఇచ్చిన జవాబు, జులూల టాల్‌స్టాయ్ టాల్‌స్టాయే అని. మనుషులందరి సొత్తుకి కంచె వేసి ఒక జాతిదని ఎందుకనాలన్నాడు. అంతకు చాలాముందు, 1903లో, రైళ్లలో తెల్లవాళ్ల పక్కన కూర్చోనివ్వని రోజుల్లో, తాను షేక్‌స్పియర్ పక్కన కూర్చుంటానని, ఆయన మొహం చిట్లించడని డుబాయిస్ రాశాడు. నేను దానికి కలపవలసింది లేదు. ‘ఇవాన్ ఇల్యిచ్ మరణం’ చదివినప్పుడు మా పెదనాన్న ఆఖరి నెలలు గుర్తొచ్చి పుస్తకం మూసి కాసేపు బయట నిలబడ్డాను. ఆ పుస్తకం నాది కాదని ఎవరు చెప్పినా వినను.

తెలుగులో ఇలాంటి వివాదం జరిగిందా?

జరిగింది. 18వ శతాబ్దపు తంజావూరు ఆస్థాన కవయిత్రి ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ రాసింది. ఆమె కవిత్వాన్ని వీరేశలింగంగారు అసభ్యమన్నారు. బెంగళూరు నాగరత్నమ్మ అసలు తాళపత్ర ప్రతి సంపాదించి, అంతకుముందు అచ్చులో వదిలేసిన పద్యాలన్నీ కలిపి, 1910లో వావిళ్లవారి ద్వారా పూర్తి పాఠం వేయించింది. మగకవులు ఇంతకంటే పచ్చిగా రాసినవి చదువుతారు కదా, స్త్రీ రాస్తేనే తప్పా అని అడిగింది. ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. 1947లో ప్రకాశం పంతులుగారి చొరవతో నిషేధం పోయింది. సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో 1991లో వచ్చిన ‘విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా’ ముందుమాట ఈ కథతోనే మొదలవుతుంది. అమెరికాలో హర్‌స్టన్ కోసం వాకర్ చేసిన పని, మన దగ్గర అరవై ఏళ్ల ముందే ఒక దేవదాసీ కుటుంబపు స్త్రీ చేసింది.

## చదవడం మొదలుపెట్టేవాళ్లకి

తెలుగు అనువాదంలో చదివితే చదివినట్టేనా?

చదివినట్టే. హోమర్‌ని గ్రీకులో చదివే ఇంగ్లిష్‌వాళ్లు ఎంతమంది? ‘ఒడిస్సీ’ మొదటి పంక్తిలో నాయకుడికి వేసిన విశేషణం ‘పోలిట్రోపోస్’, అంటే ఎన్నో మలుపులవాడు. అది తిరుగుళ్ల గురించా, తెలివి గురించా అని వందల ఏళ్లుగా అనువాదకులు తలలు పట్టుకున్నారు. 2017లో ఎమిలీ విల్సన్ ‘చిక్కుముడి మనిషి’ అన్నట్టు వచ్చే ఒక్క మామూలు మాట వేసింది. అంటే ఇంగ్లిష్‌లో చదివేవాళ్లు కూడా ఎవరో ఒకరి తీర్పునే చదువుతున్నారు.

మన దగ్గర రష్యన్లు మాస్కో ప్రగతి, రాదుగ ప్రచురణల వల్ల చవగ్గా ఇళ్లకి చేరారు. గోర్కీ ‘అమ్మ’ క్రొవ్విడి లింగరాజుగారి అనువాదం మా ఇంట్లో అట్ట ఊడిపోయి, రెండోసారి కుట్టు వేయించిన ప్రతి ఉంది. అందులో తల్లి పెలగేయా మొదటిసారి అక్షరాలు కూడబలుక్కునే పేజీలో మా అమ్మ పెన్సిల్‌తో నిలువు గీత గీసింది. ఆవిడ చదివింది ఐదో తరగతి.

ఎక్కడ మొదలుపెట్టాలి? లిస్టు చూస్తేనే టెన్షన్ వస్తోంది.

వరసక్రమం పెట్టుకోకండి. చిన్నవి ముందు: సోఫోక్లీజ్ ‘ఈడిపస్’ ఒక సాయంత్రం, టాల్‌స్టాయ్ ‘ఇవాన్ ఇల్యిచ్ మరణం’ ఒక ఆదివారం, కాఫ్కా ‘మెటమార్ఫసిస్’ ఇంకో ఆదివారం. షేక్‌స్పియర్‌ని ముందు నాటకంగానో సినిమాగానో చూసి తర్వాత పుస్తకం పట్టుకోండి. ‘ఒడిస్సీ’ 24 భాగాలు, రోజుకొకటి చొప్పున నెల కూడా పట్టదు. తర్వాత ఆస్టెన్ ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’, అచెబె ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’, మోరిసన్ ‘బిలవ్డ్’. మోరిసన్ దగ్గర నెమ్మదిగా వెళ్లండి, మొదటి ముప్పై పేజీలు ఎవరికైనా కష్టమే.

‘యులిసెస్’ మూడుసార్లు మొదలుపెట్టి వదిలేశాను. నేను పనికిరానా?

అదేం కాదు. నాలుగో భాగం నుంచి మొదలుపెట్టండి, బ్లూమ్ అనే మామూలు మనిషి పొద్దున్నే టిఫిన్ చేసుకునే చోటు. మొదటి మూడూ తర్వాత చదవచ్చు. అప్పటికీ రుచించకపోతే అదే రచయిత జాయిస్ ‘డబ్లినర్స్’ కథలు చదవండి.

మా గ్రూపులో ఏ పుస్తకం ఉండాలో తేలక గొడవ పడి ఆగిపోయాం. ఏం చేయాలి?

మా దగ్గర రెండు నియమాలు పెట్టుకున్నాం. పుస్తకం చేర్చాలనేవాళ్లు దాన్లోంచి ఒక పేజీ తెచ్చి అందరి ముందూ పైకి చదవాలి. తీసేయాలనేవాళ్లు ముందు దాన్ని పూర్తిగా చదివి ఉండాలి. పోయినేడు ఒక ఎం.ఏ. అమ్మాయి మిల్టన్ ‘పారడైజ్ లాస్ట్’ తీసేద్దామంది, స్త్రీని తక్కువ చేశాడని. సరే చదివి రమ్మన్నాం. రెండు నెలల తర్వాత వచ్చి, నాలుగో భాగంలో ఈవ్ మొదటిసారి కళ్లు తెరిచి, నీళ్లలో తన నీడ చూసుకుని, అది తనేనని తెలియక ఆగిపోయే పంక్తులు పైకి చదివింది. చదివాక కూడా మిల్టన్ స్త్రీని తక్కువే చేశాడంది, ఏ పంక్తుల్లోనో చూపించింది. కానీ తీసేయమని మాత్రం అనలేదు. ఆ సాయంత్రం వాచ్‌మన్ వచ్చి లైట్లు ఆర్పే దాకా ఆ పేజీ దగ్గరే ఉన్నాం.